నా రిపోర్టులో అమ్మ కూడా ఉంది

పిన్నికి అండాశయ క్యాన్సర్ అని తేలేసరికి ఆమెకు 49 ఏళ్లు. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. ఆ మధ్యలో డాక్టరు జన్యు పరీక్ష కూడా రాశారు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అని రెండు జన్యువులుంటాయి, వాటిలో జబ్బు తెచ్చే మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల అవకాశం బాగా పెరుగుతుంది. బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పు ఉన్నవాళ్లకు బాగా పనిచేసే మందులు కొన్ని ఉన్నాయి, అవి పిన్నికి పనికొస్తాయో లేదో చూడటానికి. బీఆర్‌సీఏ1లో మార్పు ఉందనే వచ్చింది. పిన్నికి అది ఒకరకంగా మంచి వార్తే, ఇంకో మందు దొరికింది. రిపోర్టు చివర్లో మాత్రం రెండు వాక్యాలున్నాయి. ఇది వంశపారంపర్యంగా వచ్చే మార్పు కాబట్టి రక్తసంబంధీకులు కూడా, జన్యు పరీక్షల గురించి వివరించి సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవడం మంచిదని.

పిన్నికి పిల్లల్లేరు. ఆ రిపోర్టుకు నాలుగు జిరాక్సులు తీయించింది. మామయ్యకు ఒకటి, అమ్మకు ఒకటి, నాకూ చెల్లికీ చెరొకటి. కవర్లలో పెట్టి, ఒక్కో కవరు మీద కౌన్సెలర్ ఫోన్ నంబరు తన చేత్తో రాసింది. కీమో వల్ల వేళ్లు తిమ్మిరెక్కి ఆమె అక్షరాలు అప్పటికే వంకర్లు పోతున్నాయి.

కవర్లు అందుకున్న మా నలుగురికీ ఏ జబ్బూ లేదు. ఏ నొప్పీ లేదు. ఏ లక్షణమూ లేని మనుషుల చేతికి జబ్బు గురించిన కాగితం వచ్చినప్పుడు ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్న ప్రశ్నలు ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

మామూలు రక్తపరీక్ష ఇవాళ్టి సంగతి చెబుతుంది. ఈ పరీక్ష ఇంకా రాని జబ్బు గురించి, అసలు రాకపోవడానికి కూడా వీలున్న జబ్బు గురించి చెబుతుంది. బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చేవాళ్లు నూటికి సుమారు 72 మంది, అండాశయ క్యాన్సర్ వచ్చేవాళ్లు సుమారు 44 మంది. చాలా పెద్ద అంకెలే. కానీ నూటికి నూరు కాదు. మార్పు ఉన్నా ఏ క్యాన్సరూ రాకుండా ముసలితనం దాకా బతికినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ముందే చెప్పి ఉంటే, ఎప్పటికీ రాని జబ్బు కోసం జీవితమంతా భయపడేవాళ్లేమో. చెప్పకపోవడం వల్ల చనిపోయినవాళ్లూ ఉన్నారు. పరీక్ష ముందు కూర్చున్న మనిషికి తను ఎవరిలో ఒకరో తెలియదు.

నేను చేయించుకుంటానన్నాను. అమ్మ నా పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నువ్వు చేయించుకో తల్లీ. నీ ముందు చాలా జీవితం ఉంది. కానీ ఏం వచ్చిందో నాకు మాత్రం చెప్పొద్దు. నీ మొహంలో కూడా కనపడనీయకు."

అమ్మకు 63 ఏళ్లు. ఆమె అడిగింది చిన్న కోరికే అనిపించింది అప్పుడు. కౌన్సెలర్ కాగితం మీద వంశవృక్షం గీసి వివరించాకే అదెంత కష్టమో అర్థమైంది. పిన్నికి ఉంది కాబట్టి, తోబుట్టువులైన అమ్మకూ మామయ్యకూ ఉండే అవకాశం సగం. అమ్మకు ఉంటేనే నాకు రాగలదు, అందుకే నా అవకాశం పావు వంతు. ఇప్పుడు నాకు పరీక్ష చేస్తే, ఉందని వచ్చిందనుకోండి, అమ్మకు పరీక్ష చేయకుండానే అమ్మకు ఉందని తేలిపోయినట్టు. లేదని వస్తే అమ్మ అవకాశం సగం నుంచి మూడో వంతుకు తగ్గుతుంది, అంతే, పూర్తిగా పోదు. రక్తం నాది, సంతకం నాది, రిపోర్టు మీద పేరు నాది. అయినా ఆ రిపోర్టులో అమ్మ కూడా ఉంది, ఆమె వద్దన్నా సరే.

అందుకే నాకు ఏం వచ్చిందో ఇక్కడ రాయను. ఉందని రాస్తే అమ్మ ఫలితం పదిమందికీ చెప్పినట్టు. లేదని వచ్చినప్పుడు సంతోషంగా చెప్పేసి, ఉందని వచ్చినప్పుడు మాత్రం ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే జవాబు అవుతుంది. రెండింటికీ ఒకటే మౌనం పాటిస్తేనే అది అమ్మకు ఉపయోగపడుతుంది.

ఈ విషయంలో నాకు దారి చూపింది హంటింగ్టన్ వ్యాధి చరిత్ర. లక్షణాలు లేనివాళ్లకు జన్యు పరీక్ష చేయడమనే ప్రశ్న గట్టిగా తలెత్తింది అక్కడే. మెదడును దెబ్బతీసే ఈ వంశపారంపర్య జబ్బు ఎక్కువమందిలో 30 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలవుతుంది. శరీరం అదుపు తప్పుతుంది, మనసు మారుతుంది, జ్ఞాపకం, ఆలోచన క్షీణిస్తాయి. పూర్తిగా ఆపే చికిత్స లేదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. నాన్సీ వెక్స్‌లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తల్లి ఈ జబ్బుతోనే చనిపోయారు. వెక్స్‌లర్ వెనెజులాలో మారకైబో సరస్సు చుట్టుపక్కల, ఈ జబ్బు తరతరాలుగా ఉన్న కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడి రక్త నమూనాల సాయంతో 1983లో ఆ జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని గుర్తించారు, 1993లో జన్యువే దొరికింది. పరీక్ష సాధ్యం కావడానికి అంత పాటుపడిన ఆమె, తను పరీక్ష చేయించుకున్నారా అన్న ప్రశ్నకు మాత్రం ఏళ్ల తరబడి బహిరంగంగా జవాబివ్వలేదు. తనకూ ఆ జబ్బు ఉందని 2020లో చెప్పారు.

ఆమె గురించి చదివినప్పుడు అమ్మ మాట గుర్తొచ్చింది. తెలుసుకోవడం ఇష్టంలేని మనిషిని మనం సులువుగా పిరికివాళ్లంటాం, అజ్ఞానం అంటాం. ఆ జన్యువు గురించి ఆ రోజుల్లో వెక్స్‌లర్ కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆమె మౌనానికి అజ్ఞానం అని పేరు పెట్టగలమా? ఆమె ఒక్కరే కాదు. పరీక్ష రాకముందు సర్వేల్లో అడిగితే, ప్రమాదం ఉన్నవాళ్లలో ఎక్కువమంది చేయించుకుంటాం అన్నారు. పరీక్ష నిజంగా వచ్చాక చాలా దేశాల్లో నాలుగో వంతు మంది కూడా ముందుకు రాలేదు. రేపు ఏమవుతుందో తెలిసీ ఏమీ చేయలేనప్పుడు, తెలియని ఇవాళ్టిని కాపాడుకోవడం కూడా బతుకును కాపాడుకోవడమే.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. నిజం తెలిస్తే మనుషులు కుప్పకూలిపోతారని డాక్టర్లు మొదట్లో చాలా భయపడ్డారు. అంత జరగలేదు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, హంటింగ్టన్ పరీక్ష చేయించుకున్న 4,527 మందిలో ఆత్మహత్య, ఆత్మహత్యాయత్నం, మానసిక చికిత్స కోసం ఆస్పత్రిలో చేరడం, ఇవన్నీ కలిపి 44 మందిలో కనిపించాయి. నూటికి ఒకరి కంటే కొంచెం తక్కువ. ఆ 44 కుటుంబాలకు అది చిన్న సంఖ్య కాదు, కానీ అందరూ ఊహించిన వినాశనమూ కాదు. అల్జీమర్స్ అవకాశాన్ని పెంచే ఏపీఓఈ జన్యువు సంగతి, ఆ జబ్బు ఉన్నవాళ్ల పిల్లలకు చెప్పి చూసిన ఇంకో అధ్యయనం 2009లో వచ్చింది. చెప్పడం వల్ల పెద్దగా ఆందోళన, కుంగుబాటు పెరగలేదని అందులో తేలింది. మరి తెలిస్తే తట్టుకుంటున్నారు కదా, అందరికీ చెప్పేయొచ్చు కదా అని కొందరంటారు.

అక్కడే నేను ఆగుతాను. వాళ్లు తట్టుకున్నారు, నిజమే. కానీ వాళ్లు ఎవరు? తమంతట తాము వచ్చినవాళ్లు. కౌన్సెలింగ్ తీసుకుని, ఆలోచించుకుని, తట్టుకోగలం అనుకున్నాకే చేయి చాపినవాళ్లు. రానివాళ్లు ఆ లెక్కలో లేరు. ఈత వచ్చినవాళ్లు నది దాటారని చూపించి, గట్టు మీద నిలబడ్డవాళ్లను నీళ్లలోకి తోయకూడదు. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకరైన జేమ్స్ వాట్సన్ తన మొత్తం జన్యుక్రమాన్ని లోకం ముందు పెట్టారు, కానీ ఏపీఓఈ ఉన్న భాగం మాత్రం తనకు చెప్పొద్దని, బయటపెట్టొద్దని కోరారు. యునెస్కో 1997లో చేసిన ప్రకటన, జన్యు పరీక్ష ఫలితం తెలుసుకోవాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని రాసింది. నేను ఆ హక్కు వైపే ఉన్నాను. అమ్మ వైపే ఉన్నాను.

కానీ ఆ హక్కు ఎంతదూరం? తనకు తెలియకుండా ఉండటం ఒకటి, తన వల్ల ఇంకొకరికి తెలియకుండా పోవడం ఒకటి. ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి కావు.

ఇంగ్లండులో ఒక కేసు నడిచింది. ఒకాయన 2007లో భార్యను చంపాడు. మానసిక స్థితి దృష్ట్యా హత్యానేరం కాకుండా తక్కువ నేరం కింద తీర్పిచ్చి ఆస్పత్రిలో ఉంచారు. 2009లో ఆయనకు హంటింగ్టన్ అని తేలింది. కూతుళ్లకు చెప్పొద్దన్నాడు. అప్పటికి ఒక కూతురు గర్భవతి. డాక్టర్లు ఆయన మాటకు కట్టుబడి ఊరుకున్నారు. 2010లో ఆమెకు బిడ్డ పుట్టిన కొన్ని నెలలకు ఒక డాక్టరు అనుకోకుండా చెప్పడంతో విషయం బయటపడింది. తర్వాత పరీక్షలో ఆమెకూ ఆ జన్యువు ఉందని తేలింది. ముందే తెలిసి ఉంటే గర్భం తీయించుకునేదాన్నని ఆమె కోర్టుకు చెప్పింది. 2020లో హైకోర్టు తీర్పిచ్చింది. రోగి రహస్యాన్నీ, ప్రమాదంలో ఉన్న బంధువు ప్రయోజనాన్నీ రెండూ తూచి చూడాల్సిన బాధ్యత డాక్టర్లకు ఉందని ఒప్పుకుంది. కానీ ఈ కేసులో వాళ్లు తీసుకున్న నిర్ణయం తప్పు కాదని కేసు కొట్టేసింది.

నాకు ఆ తీర్పులో మొదటి సగమే నచ్చింది. తండ్రి రహస్యం కాపాడాలి, కాదనను. కానీ గడువున్న నిర్ణయం ఒకటి ఆ కూతురి ఒంట్లోనే పెరుగుతోంది. ఆమెకు ఉందో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు, అది ఎవరికీ తెలియదు కూడా. 'మీ కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఒకటి ఉంది, కావాలంటే తెలుసుకోవచ్చు' అని ఒక్క మాట చెబితే చాలు. తలుపు ఉందని చెప్పడం వేరు, తలుపు తెరిచి లోపలికి తోయడం వేరు. తెరవాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. తలుపే లేదన్నట్టు గోడ కట్టేసే అధికారం మాత్రం తండ్రికి లేదు, డాక్టరుకూ లేదు.

నేను ఇంత ధీమాగా చెబుతున్న ఈ మాటను చెల్లి ఒక్క వాక్యంతో కదిలించేసింది. "అక్కా, కవరు నా చేతికొచ్చిన రోజే నాకు తెలియకుండా ఉండే హక్కు పోయింది" అంది. నిజమే. తలుపు ఉందని తెలిశాక, అది లేని ఇంట్లో ఉన్నట్టు ఎవరూ ఉండలేరు. ఆ కవరు అందుకున్నాక తనకు చాలా రోజులు సరిగా నిద్ర పట్టలేదు. ఒంటి మీద ఎక్కడ చిన్న గడ్డలా తగిలినా టెన్షన్. పిన్ని ఆ కవరు ఇవ్వకుండా ఉంటే తన నిద్ర చెడేది కాదు.

దీనికి నా దగ్గర తప్పించుకునే జవాబు లేదు. చెప్పడం వల్ల నష్టం ఉంటుంది, చెప్పేవాళ్లు ఆ బరువు మోయాలి. అయినా చెప్పాలనే అంటాను, ఎందుకంటే బీఆర్‌సీఏ విషయంలో చేయగలిగింది ఉంది. ఏటా ఎమ్మారై, మామోగ్రామ్‌తో రొమ్ము క్యాన్సర్‌ను తొందరగా పట్టుకోవచ్చు. అండాశయ క్యాన్సర్‌ను అలా ముందుగా పట్టుకునే నమ్మకమైన స్కాన్ లేదు, కానీ పిల్లలు కనడం అయిపోయాక అండాశయాలూ ఫెలోపియన్ ట్యూబులూ తీయించుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గిపోతుంది. పిన్నికి పదేళ్ల ముందు ఎవరైనా ఇలాంటి కవరు ఇచ్చి ఉంటే? కీమో గదిలో ఆమె పక్కన కూర్చున్న ప్రతిసారీ నాకు ఇదే ఆలోచన. చెల్లి పోగొట్టుకున్న నిద్రను, పిన్ని పోగొట్టుకున్నదాంతో పక్కపక్కన పెట్టి చూస్తాను.

అందుకే నా కొలత ఒక్కటే: తెలిస్తే రేపు ఏం చేయగలం? చేయగలిగింది ఎంత ఎక్కువ ఉంటే అంత గట్టిగా తలుపు కొట్టి చెప్పాలి. చేయగలిగింది తక్కువైతే అంత మెల్లగా. మందు అని రాసి ఉన్నదే చేయగలిగింది అనుకోకూడదు. పిల్లల్ని కనాలా, ఎప్పుడు కనాలి అన్న నిర్ణయం కూడా చేయగలిగిందే. ఆ ఇంగ్లండు కూతురి విషయంలో అందుకే చెప్పాల్సింది అంటున్నాను.

పిల్లల సంగతికొస్తే ఈ కొలత ఇంకా బాగా పనికొస్తుంది. ఎఫ్ఏపీ అనే వంశపారంపర్య జబ్బులో పెద్దపేగులో, తర్వాత క్యాన్సర్‌గా మారే పాలిప్స్ అనే చిన్న గడ్డలు పది పన్నెండేళ్ల వయసులోనే మొదలుకావచ్చు, కొలనోస్కోపీ చేస్తూ ఉండాలి. అక్కడ పిల్లలకు పరీక్ష చేయడం న్యాయం. హంటింగ్టన్‌కో బీఆర్‌సీఏకో చిన్నప్పుడు చేసేదేమీ లేదు. తల్లిదండ్రుల ఆరాటం కోసం చిన్నపిల్లకు పరీక్ష చేయిస్తే, ఆ పిల్ల పెద్దయ్యాక తీసుకోవాల్సిన నిర్ణయాన్ని లాక్కోవడమే అవుతుంది. చెల్లి కూతురికి తొమ్మిదేళ్లు. కౌన్సెలర్ చాలా స్పష్టంగా చెప్పారు, ఆ పిల్ల ఇప్పుడు ఈ లెక్కలో లేదని. ఆ రోజంతా విన్న మాటల్లో నా మనసుకు చల్లగా తగిలింది అదొక్కటే.

మామయ్య తన కవరు తెరవలేదు. ఇది ఆడవాళ్ల జబ్బు కదా, నాకెందుకు అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. మగవాళ్లకూ ఈ మార్పు ఉండొచ్చు, కొడుకులకూ కూతుళ్లకూ అంతే అవకాశంతో అందుతుంది. మగవాళ్లలోనూ రొమ్ము క్యాన్సర్ ప్రమాదం కొంత పెరుగుతుంది, ముఖ్యంగా బీఆర్‌సీఏ2 ఉన్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ ప్రమాదం కూడా. మామయ్యకు ఇద్దరు కూతుళ్లు, ఇద్దరూ పెద్దవాళ్లే. నేను మామయ్య కవరు గురించి బలవంతం చేయలేదు. ఆ ఇద్దరు అమ్మాయిలకు చెప్పాలని మాత్రం పట్టుబట్టాను. మామయ్యకు కోపం వచ్చింది. "నా పిల్లల సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. వాళ్లు నీ పిల్లలే మామయ్యా, వాళ్ల ఒళ్లు మాత్రం వాళ్లవి అన్నాను. చివరికి పిన్నే ఫోన్ చేసి చెప్పింది. ఆమె చెబితే ఎవరూ కాదనలేకపోయారు.

ఇలాంటి చోట ఎవరి హక్కు ముందు అన్న ప్రశ్నకు హంటింగ్టన్ పరీక్షల కోసం 1994లో తయారైన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒక జవాబిచ్చాయి. తాతకు జబ్బు ఉంది, తండ్రి పరీక్ష వద్దంటున్నాడు, పెద్దయిన కూతురు కావాలంటోంది. కూతురికి ఉందని వస్తే తండ్రికి ఉన్నట్టే. ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒప్పించడానికి గట్టిగా ప్రయత్నించాలి, కుదరకపోతే తెలుసుకోవాలనుకునే పెద్ద బిడ్డ హక్కే ముందు అన్నాయి. నేను పరీక్ష చేయించుకోగలిగింది ఆ సూత్రం వల్లే. అది సరైందే అనుకుంటున్నాను. కానీ ఆ హక్కు వాడుకున్నవాళ్లకు ఒక బాధ్యత కూడా వస్తుంది, అది ఏ మార్గదర్శకంలో రాసినా రాయకపోయినా. జీవితాంతం ఒక మనిషి ముందు మొహం అదుపులో పెట్టుకునే బాధ్యత. స్కానింగ్‌కు వెళ్తే ఎందుకు వెళ్లావని అడిగే అమ్మ ముందు, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదని చూసే అమ్మ ముందు.

ఉమ్మి గొట్టంలో వేసి పోస్టులో పంపితే ఫలితం ఫోన్‌కు వచ్చే కిట్ల గురించి అడిగేవాళ్లున్నారు. నేను వద్దనే చెబుతాను. ట్వంటీత్రీ అండ్ మీ అనే సంస్థకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బీఆర్‌సీఏ పరీక్షకు అనుమతిచ్చినప్పుడు ఆ పరీక్ష చూసేది మూడే మూడు మార్పుల్ని, అవీ ఎక్కువగా అష్కెనాజీ యూదుల్లో, అంటే మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో కనిపించేవి. ఆ జన్యువుల్లో జబ్బు తెచ్చే మార్పులు వెయ్యికి పైగా ఉన్నాయి. మిగతావాళ్లు ఆ 'లేదు' చూసి ధైర్యపడితే అది ప్రాణాంతకమైన ధైర్యం. అదే సంస్థలో 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగల చేతికి చిక్కింది, 2025లో సంస్థ దివాలా కోసం కోర్టుకెళ్లింది. అక్కడ ఉమ్మి ఇచ్చిన ఒక్కొక్కరి వెనక అమ్మలు, అన్నదమ్ములు, పిల్లలు ఉన్నారు. వాళ్లనెవరూ అడగలేదు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా పరీక్షకు ముందే కనుక్కోవాలి, తర్వాత కాదు. అమెరికాలో 2008 నాటి చట్టం ఆరోగ్య బీమాలో, ఉద్యోగంలో జన్యువుల ఆధారంగా వివక్ష చూపకూడదంది, జీవిత బీమాను మాత్రం వదిలేసింది. కెనడా 2017లో ఇంకా గట్టి చట్టం చేసింది. చట్టం ఎక్కడ ఎలా ఉన్నా, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక పరీక్ష వల్ల రాత్రికి రాత్రి కాగితం మీద రోగి కాకూడదు.

కౌన్సెలర్ ముందే హెచ్చరించిన ఇంకో సంగతి ఉంది. కొన్నిసార్లు రిపోర్టులో ఉందనీ రాదు, లేదనీ రాదు. మార్పు కనిపించింది, దాని అర్థం ఇంకా తెలియదు అని వస్తుంది. ఇప్పటిదాకా పోగైన జన్యు సమాచారంలో ఎక్కువభాగం యూరప్ మూలాలున్నవాళ్లది కావడం వల్ల మిగతావాళ్లకు ఇలాంటి జవాబులు ఎక్కువ. ఏ నిర్ణయమూ తీసుకోలేని ఆ కాగితం పట్టుకుని, కంగారులో ఆపరేషన్ దాకా వెళ్లకూడదని ఆమె రెండుసార్లు చెప్పారు. మా విషయంలో పిన్నికి ఉన్న మార్పు ఏదో తెలుసు కాబట్టి సరిగ్గా దాన్నే వెతుకుతారు, ఆ గందరగోళం ఉండదు. ఇంట్లో జబ్బుపడిన మనిషికి ముందు పరీక్ష చేయడం అందుకే ముఖ్యం. పిన్ని మా నలుగురికీ ఇచ్చింది ఆ స్పష్టత కూడా.

పిన్ని ఇప్పుడు మందు మీద ఉంది. మూడు నెలలకోసారి పరీక్షలు. మామయ్య పెద్ద కూతురు కౌన్సెలర్‌ను కలిసింది, చిన్నమ్మాయి ఇంకా ఆలోచించుకుంటానంది. చెల్లి కలవలేదు, కలవనని కూడా అనలేదు. నేను అడగడం మానేశాను.

అమ్మ కవరు బీరువాలో చీరల కింద ఉందని నాకు తెలుసు. మొన్న నేను వెళ్లేసరికి అది మంచం మీద ఉంది, మూత అంటించినట్టే ఉంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, కవరు మీదున్న నంబరు చూస్తూ తన చిన్న డైరీలో ఒక్కో అంకే రాసుకుంటోంది. పిన్ని చేతిరాత కదా, ఒక అంకె అర్థం కాలేదు. "ఇది ఒకటా, ఏడా?" అని అడిగింది. ఏడు అన్నాను. రాసుకుని, డైరీ మూసి, కవరు మళ్లీ చీరల కింద పెట్టింది.